ఇసుక నేలలో సరుగుడు పెంచడం ఎలా: కాయ ఏరడం నుంచి రాట పాతేదాకా

విశాఖలో రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే కుడిచేతి పక్క, రోడ్డుకీ సముద్రానికీ మధ్య, పొడుగ్గా సన్నగా నిలబడి గాలికి హోరుమనే చెట్లుంటాయి కదా, వాటిని చూసి చాలామంది పైన్ చెట్లంటారు. ఇంగ్లీషులో దీన్ని ఆస్ట్రేలియన్ పైన్ అంటారన్న మాట నిజమే. కానీ ఇది పైన్ కాదు, మన సరుగుడు. కొన్ని ఊళ్లలో సర్వి అంటారు. మా అమ్మమ్మగారి ఊరు భీమిలి అవతల, సముద్రం చప్పుడు వినబడేంత దగ్గర. అక్కడున్న కొద్దిపాటి ఇసుక భూమిలో మేం ఇప్పటిదాకా మూడుసార్లు సరుగుడు వేశాం. మొదటిసారి బాగా దెబ్బతిన్నాం, తర్వాత రెండుసార్లు నిలబెట్టుకున్నాం. ఆ తేడా ఎక్కడొచ్చిందో నాకిప్పుడు స్పష్టంగా తెలుసు. వేరు దగ్గర. పైన చెట్టు ఎంత ఏపుగా ఉన్నా కింద వేరు సరిగ్గా లేకపోతే ఒక్క తుపానుకి పడుకుంటుంది, అందుకే కింద చెప్పే పనుల్లో సగానికి పైగా వేరు గురించే ఉంటాయి.

ముందు చెట్టుని చేత్తో చూడండి

కొమ్మకున్న పచ్చి సూది ఒకటి తుంచండి. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. టప్ మని ఒక కణుపు దగ్గర ఊడి వస్తుంది, మళ్లీ పెడితే అక్కడే అతికినట్టు కూర్చుంటుంది. చిన్నప్పుడు ఎక్కడ ఊడిందో చెప్పుకోమని పందేలు కాసేవాళ్లం. ఊడిన చోట భూతద్దం పెట్టి చూస్తే కిరీటంలా చుట్టూ ఆరు నుంచి ఎనిమిది సన్నటి పళ్లు కనబడతాయి. చెట్టుకి అసలు ఆకులంటే అవే. మనం ఆకు అనుకునే ఆ సూది నిజానికి పచ్చటి సన్న రెమ్మ. ఆకు పని, అంటే ఎండ తాగి తిండి వండుకునే పని, ఆ రెమ్మే చేస్తుంది. దాని పొడవునా సన్నటి గాడులుంటాయి, గాలి పీల్చుకునే రంధ్రాలు ఆ గాడుల్లో దాక్కుని ఉంటాయి కాబట్టి ఉప్పుగాలి ఎంత కొట్టినా నీరు తొందరగా ఆవిరైపోదు. ఇసుకలో, ఎండలో, ఉప్పులో ఈ చెట్టు బతకడానికి పైన ఉన్న కారణం ఇది. కింద ఉన్న కారణం ఇంకా గొప్పది, దానికి తర్వాత వస్తాను.

కాయ చూసినా పైన్ కాయలాగే గరుగ్గా ఉంటుంది, కాకపోతే బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దది, అంతే. పైన్‌కి పువ్వుండదు, సరుగుడికి ఉంటుంది. మగపూలు రెమ్మల చివర గోధుమరంగు కుచ్చుల్లా వస్తాయి, ఆడపూలు చిన్న ఎర్రటి ముద్దల్లా కొమ్మనంటుకుని ఉంటాయి. పుప్పొడిని మోసేది గాలే. శాస్త్రంలో దీని పేరు కాజువారినా ఈక్విసెటిఫోలియా. కాసోవరి అనే పెద్ద పక్షి ఈకల్లా రెమ్మలు వేలాడుతాయని ఆ మొదటి పేరు పెట్టారు. దీని సొంత ఊళ్లు ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు, మన అండమాన్లు కూడా. మన తూర్పు తీరంలో తోటలుగా వెయ్యడం 19వ శతాబ్దంలో ఊపందుకుంది, అప్పట్లో మద్రాసు చుట్టుపక్కల రైలింజన్లకి కట్టెలు కావాల్సి వచ్చి ఇసుక భూముల్లో దీన్ని నాటించారు.

ఎక్కడ వెయ్యాలి

నీరు ఇంకే నేల కావాలి. ఇసుక, ఇసుక కలిసిన ఎర్రమట్టి, ఉప్పు తగిలే నేల, ఇవన్నీ సరే. నల్లరేగడిలో, వాన పడితే వారం రోజులు నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం వద్దు. చూసుకోవడం సులువే. అడుగున్నర లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పొయ్యండి, ఇంకిపోయాక మళ్లీ పొయ్యండి. రెండోసారి పోసిన నీళ్లు తెల్లారేసరికి కూడా అలాగే ఉంటే ఆ చోటు సరుగుడుకి పనికిరాదు.

ఎక్కడ వెయ్యకూడదన్నది ఇంకా ముఖ్యం. మధురవాడలోనో ఎండాడలోనో 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుని, గోడ పక్కన అందంగా ఉంటుందని సరుగుడు పెంచకండి. కొమ్మ పెళుసు. 15 నుంచి 30 మీటర్ల దాకా ఎదిగే చెట్టు అది, ఇంటి మీద పడితే ఏమవుతుందో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రోజు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. బీచ్ రోడ్డు పొడవునా ఒంటరిగా ఉన్న సరుగుళ్లు నడుం దగ్గర విరిగాయి, గుంపుగా ఉన్నచోట అంచునున్నవి పడి లోపలివి చాలావరకు నిలబడ్డాయి. ఇంటి దగ్గర సరుగుడే కావాలనుకుంటే కంచెలా పెంచండి. అడుగున్నర దూరంలో మొక్కలు వేసి ఛాతీ ఎత్తుకి రాగానే కత్తిరించడం మొదలుపెట్టి, ఏడాదికి మూడు నాలుగుసార్లు కత్తెర వేస్తే పచ్చటి గోడలా దట్టంగా వస్తుంది. కత్తిరింపుని బాగా ఓర్చుకునే చెట్టు ఇది.

రెండోది, కెరటం తగిలే ఇసుక మీద వెయ్యకండి. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన ఆర్కే బీచ్ నుంచి జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వరకూ, అటు ముత్యాలమ్మపాలెం వైపూ, ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గట్టెక్కి గుడ్లు పెడతాయి. వాటికి మెత్తటి, ఎండ తగిలే, ఖాళీ ఇసుక కావాలి. సరుగుడు వేళ్లు అల్లుకుని పైన తుక్కు పరుచుకున్న ఇసుకలో తాబేలు గొయ్యి తవ్వలేదు. నీడ పడితే ఇసుక వేడి మారిపోతుంది, గుడ్డులో ఆడపిల్లో మగపిల్లో తేల్చేది ఆ వేడే. పైగా ముందు వరసలో ఇసుకని పట్టి ఉంచేవి అక్కడ సహజంగా పెరిగే బాలబందు తీగ, రావణాసురుడి మీసాలు. అవి ఇసుకతో పాటు కదులుతూ, పూడితే మళ్లీ పైకి లేస్తూ దిబ్బని కడతాయి. వాటిని పీకి సరుగుడు పెట్టారంటే కొన్నాళ్లకి కెరటం కింద నుంచి తొలిచేసి చెట్లని వరసగా పడేస్తుంది. తీగ ఉన్నంత మేర తీగకే వదిలెయ్యండి, దిబ్బ దిగి లోపలికొచ్చాక సరుగుడు మొదలుపెట్టండి. తీరం నుంచి 500 మీటర్ల లోపు భూమైతే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి ఏ పనికైనా ముందు పంచాయతీలో, అటవీ శాఖ రేంజి ఆఫీసులో ఒక మాట అడగండి. బీచ్‌లో ఇప్పుడున్న చెట్లు మనవి కావు, వాటి కొమ్మ కూడా కొట్టొద్దు.

కాయలు ఏరి నారు పొయ్యడం

జులై, ఆగస్టుల్లో నాటాలంటే జనవరి, ఫిబ్రవరిల్లో నారు పొయ్యాలి. కాయ పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరుగుతున్నప్పుడు, నోళ్లు ఇంకా తెరవకముందే కొయ్యాలి. తెరిచిందంటే గింజ ఎగిరిపోయినట్టే. గింజకి ఈగ రెక్కలాంటి పల్చటి రెక్క ఉంటుంది, ఒక గ్రాముకి కొన్ని వందలు తూగుతాయి, ఊపిరి వదిలితే చెదిరిపోతాయి. కనీసం ఐదేళ్ల వయసుండి, నిటారుగా పెరిగి, తుపానుకి నిలబడిన చెట్ల నుంచే కొయ్యండి, అదీ ఒకే చెట్టు నుంచి కాకుండా పది పదిహేను చెట్ల నుంచి.

కాయల్ని పాత చీర మీద పోసి, పైన ఇంకో పల్చటి గుడ్డ కప్పి, రెండు మూడు రోజులు ఎండబెడితే చిటపటమని తెరుచుకుని గింజలు రాలతాయి. జల్లెడ పట్టి వెంటనే వాడుకోండి. నెలలు గడిచేకొద్దీ మొలిచే శక్తి తగ్గిపోతుంది, తాజా గింజల్లో కూడా సగం మొలిస్తే మంచి గింజలనుకోవాలి.

మా మొదటి నారుమడి పోయింది చీమల వల్ల. సాయంత్రం చల్లాం, మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే మడి పొడవునా సన్నటి గొలుసు, ప్రతి చీమా నోట ఒక రెక్కని పట్టుకుని పోతోంది. వంగి చూస్తే గాలికి ఆ రెక్కలన్నీ ఒకేసారి ఊగుతున్నాయి. చూస్తుండగానే మూడొంతులు గింజ పోయింది. పక్క తోటలో పనిచేసే పెద్దాయన ఒకాయన వచ్చి చూసి, "బాబూ, గింజ చల్లినోడివి చీమకి అడ్డం కట్టవా?" అన్నాడు. "ఏం చెయ్యాలి తాతా?" అంటే మడి చుట్టూ బెత్తెడు వెడల్పు కాలవ తీయించి నీళ్లు నిలబెట్టించాడు, లోపల చీమల పుట్టలుంటే ముందురోజే వేడినీళ్లు పోయించాడు. ఇప్పటికీ మేం అదే చేస్తాం.

మడి మీటరు వెడల్పు, జానెడు ఎత్తు చాలు. ఇసుక, జల్లించిన ఎర్రమట్టి, బాగా చివికిన గెత్తం, అంటే పశువుల ఎరువు, కలపండి. గింజల్ని నాలుగింతలు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడవు. పైన అర సెంటీమీటరు మించి కప్పొద్దు. వరిగడ్డి పల్చగా పరిచి, పూలకుండీలకి పోసే జల్లు డబ్బాతోనే నీళ్లు చల్లండి, పైపుతో కొడితే గింజలన్నీ ఒక మూలకి చేరతాయి. వారం పది రోజుల్లో ఆవగింజ మొలకంత సన్నగా తల ఎత్తుతాయి. అప్పుడు గడ్డి తీసెయ్యండి.

నెలన్నరకి మొక్క 8 నుంచి 10 సెంటీమీటర్లు వస్తుంది. అప్పుడు సంచుల్లోకి మార్చాలి. మడిని ముందు బాగా తడిపి, పుల్లతో కింద నుంచి లేపి తీయండి, తలపట్టి లాగొద్దు. తల్లివేరు మరీ పొడుగ్గా ఉంటే గోరుతో కొస తుంచండి గానీ సంచిలోకి వంచి దూర్చకండి. ఇక్కడ జరిగే పొరపాటు రెండేళ్లకి గానీ బయటపడదు. వంగిన వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, చెట్టు లావెక్కేకొద్దీ ఆ చుట్ట దాన్నే బిగిస్తుంది, ఒక గట్టి గాలికి మొక్క మొదట్లో తిరిగిపోయి పడుతుంది. మా మొదటి తోటలో పడిపోయిన చెట్ల మొదళ్లు చాలావరకు అలాగే ఉన్నాయి, స్ప్రింగు చుట్టినట్టు. ఆ నారు సంచుల్లో ఏడాది దాటిపోయిన పాత నారు, తక్కువకి వస్తోందని కొన్నాం. మీరు బయట కొంటున్నా సరే, ఒక సంచి చింపి చూపించమని అడగండి. అడుగున వేళ్లు గుండ్రంగా తిరిగి ఉంటే తీసుకోవద్దు.

డబ్బు పంటగా వేసేవాళ్లు ఇప్పుడు క్లోన్ మొక్కలకి, అంటే ఎంచిన ఒకే చెట్టు రెమ్మల నుంచి తీసిన మొక్కలకి, వెళ్తున్నారు. కోయంబత్తూరులోని కేంద్ర అటవీ జన్యు పరిశోధన సంస్థ సరుగుడులో మంచి రకాలు ఎంచి ఇచ్చింది, మామూలు సరుగుడికీ జావా వైపు పెరిగే జుంగూనియానా అనే దాని చుట్టానికీ పుట్టిన సంకరాలు కూడా వాటిలో ఉన్నాయి. తొందరగా, నిటారుగా, ఒకే లావున వస్తాయి. కర్ర అమ్ముకోవడానికైతే అవి మంచివే, కాకపోతే తోటంతా ఒకే క్లోన్‌తో నింపకండి, ఒక తెగులొస్తే అన్నీ ఒకేసారి పోతాయి. గాలిని ఆపడానికి వేసే వరసలకి నేను గింజ మొక్కలే వేస్తాను.

బుడిపెల మట్టి

కింద ఉన్న కారణం అన్నాను కదా. బాగా ఉన్న పాత సరుగుడు చెట్టు దగ్గర, మొదలుకి రెండు మూడు అడుగుల దూరంలో, తుక్కు పక్కకి తోసి జానెడు లోతు ఇసుకని చేత్తో తవ్వండి. సన్నటి వేళ్లకి అల్లం కొమ్ముల్ని చిన్నగా చేసినట్టు గోధుమరంగు బుడిపెలు గుత్తులుగా దొరుకుతాయి. గట్టిగా, పుల్లలా తగులుతాయి. వాటి లోపల ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురం ఉంటుంది. వేరుశనగ వేళ్లకి పట్టే బ్యాక్టీరియా ఎలాగైతే గాల్లోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుందో ఇదీ అలాగే ఇస్తుంది. సారం లేని తెల్లటి ఇసుకలో, యూరియా ముఖం చూడకుండా, ఏడాదికి రెండు మీటర్ల దాకా చెట్టు ఎదుగుతోందంటే దీని చలవే.

కొత్త నేలలో, ముఖ్యంగా అంతకుముందు సరుగుడు లేని చోట, ఈ జీవి దానంతటది ఉండకపోవచ్చు. మనమే తీసుకెళ్లాలి. ఒక దోసెడు బుడిపెల్ని కడిగి, రోట్లో నూరి, బకెట్టు నీళ్లలో కలిపి, సంచుల్లోకి మార్చిన రెండు మూడు వారాలకి ఒక్కో మొక్కకి చిన్న గ్లాసుడు చొప్పున మొదట్లో పొయ్యండి. అంత ఓపిక లేకపోతే ఆ చెట్టు కింది మట్టినే తెచ్చి సంచుల్లో నింపే మట్టిలో పదో వంతు కలపండి. తెగులు పట్టిన తోట నుంచి మాత్రం తేవొద్దు. నూరిన రోజే వాడాలి, ఎండలో పెట్టకూడదు. రెండు మూడు నెలలకి ఒక సంచి చింపి చూస్తే ఆవగింజంత తెల్ల బుడిపెలు మొదలై ఉంటాయి. మొదటిసారి మేం ఈ పని చెయ్యలేదు. ఆ మొక్కలు ఏడాదంతా పసుపురంగులోనే ఉన్నాయి, ఎరువు వేసినప్పుడల్లా ఓ నెల పచ్చబడి మళ్లీ వాడిపోయేవి.

నాటడం

నాలుగు నుంచి ఆరు నెలల మొక్క, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు. అదీ సైజు. నాటే ముందు నెల రోజులు నీడ తీసేసి, నీళ్లు తగ్గించి, ఎండకి అలవాటు చెయ్యండి. జులై, ఆగస్టు మంచి అదును. అప్పుడు కుదరకపోతే అక్టోబర్ వానల్లో వెయ్యొచ్చు గానీ మన తీరానికి తుపాన్లు వచ్చేదీ అక్టోబర్, నవంబర్‌లోనే, పసి మొక్క ఆ గాలికి ఊగి ఊగి మొదట్లో గుంత పడుతుంది. నేనైతే ఆగస్టు దాటనివ్వను.

దూరం మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. సన్నటి బాదులు, అంటే పొడుగు కర్రలు, మూడేళ్లకే కావాలంటే మీటరుకి మీటరు, ఎకరాకి 4,000 మొక్కలు పడతాయి. కాగితం మిల్లుకైతే మీటరున్నర, ఎకరాకి 1,800. లావు మాను కావాలంటే రెండు మీటర్లు, ఎకరాకి 1,000. మొదటిసారి వేసేవాళ్లకి మీటరున్నర చెప్తాను, గాలి ఆడుతుంది, తెగులు తక్కువ, మనిషి తిరగడానికి వీలుంటుంది.

అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తియ్యండి. పైన పొడి ఇసుక ఉన్నచోట తడి తగిలేదాకా తవ్వి, మొక్కని అంత లోతున దించి, కింది రెమ్మలు కొన్ని మునిగినా పర్వాలేదు, తడి ఇసుకతోనే పూడ్చండి. రెండు దోసిళ్ల గెత్తం అడుగున. సంచి తప్పకుండా చింపి తీసెయ్యాలి, కొందరు కూలీలు తొందరలో సంచితోనే పెట్టేస్తారు, దగ్గరుండి చూసుకోండి. చుట్టూ కాలితో గట్టిగా తొక్కి, మొక్క కొస పట్టి మెల్లగా పైకి లాగి చూస్తే కదలకూడదు. సముద్రం వైపు వరసలకి తాటాకు దడి కట్టండి. మొదటి ఏడాది ఉప్పుగాలి, ఇసుక రవ్వలు మొక్క కొసని మాడ్చేస్తాయి, దడి ఉంటే ఆ బాధ తప్పుతుంది.

తోటని, కూరగాయల మడుల్ని కాపాడటానికి వేస్తున్నారనుకోండి, గాలికి అడ్డంగా కనీసం ఐదారు వరసలు వెయ్యండి, ఒక వరసలో మొక్క పక్క వరసలో రెండు మొక్కల మధ్య సందుకి ఎదురుగా వచ్చేలా. చెట్టు ఎత్తుకి పది పదిహేను రెట్ల దూరం దాకా దాని వెనక గాలి జోరు తగ్గుతుంది. గోడలా పూర్తిగా మూసెయ్యడం కంటే కొంచెం గాలి వడకట్టినట్టు పోనిచ్చే వరసే మేలు, గోడైతే గాలి పైకెక్కి వెనకాల సుడి తిరుగుతుంది. 2004 డిసెంబర్ 26 సునామీలో తమిళనాడు తీరాన దట్టమైన సరుగుడు తోటలున్న కొన్నిచోట్ల నీటి ఉరవడి తగ్గిందని చూశాకే ఇలాంటి పట్టీల మీద మళ్లీ శ్రద్ధ పెరిగింది.

మొదటి రెండేళ్లు

వానల్లేని వారాల్లో వారానికి రెండుసార్లు, మొక్కకి ఒక బిందె నీళ్లు. రెండో వేసవి దాటితే వేరు తడి దాకా దిగిపోతుంది, ఆ తర్వాత నీళ్ల గొడవ ఉండదు. మేకల్ని రానివ్వకండి, లేత కొసలంటే వాటికి ప్రాణం. మొదటి ఏడాది వరసల మధ్య వేరుశనగ, నువ్వులు, పుచ్చ వేసుకోవచ్చు, కలుపు తీసిన ఖర్చు వచ్చేస్తుంది. రెండో ఏడాది నుంచి నీడ కమ్ముతుంది, రాలిన తుక్కు దుప్పటిలా పరుచుకుంటుంది, ఇంక అడుగున ఏదీ మొలవదు. ఆ తుక్కుని పూర్తిగా ఊడ్చేసి అమ్మేయకండి, కొంత వదిలితే ఇసుకలో తడి నిలుస్తుంది. ఎండాకాలంలో మాత్రం తోట చుట్టూ రెండు మీటర్ల మేర ఊడ్చి ఖాళీగా ఉంచండి, బీడీ ముక్క ఒకటి చాలు.

రెండో ఏడాది కింది కొమ్మల్ని కొట్టొచ్చు, చెట్టు ఎత్తులో మూడో వంతు దాకా, అంతే. మొదలుకి ఆనించి నున్నగా కొయ్యాలి, పీకితే బెరడు చీలుతుంది.

భయపడాల్సిన తెగులు ఒకటే. బెరడు మీద బొబ్బలు లేచి, పగిలి, లోపల నుంచి మసిలాంటి నల్లటి పొడి రాలుతుంది, పైన రెమ్మలు ఎండుతూ వస్తాయి. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు, ఆ పొడే దాని విత్తనం. పట్టిన చెట్టుని బతికించడం కష్టం, వెంటనే వేరుతో సహా తీసి అక్కడికక్కడే కాల్చెయ్యండి, చుట్టూ రెండడుగుల లోతు కందకం తీసి పక్క వేళ్లకి తగలకుండా చెయ్యండి. నీళ్లు నిలిచిన చోట, గునపంతో వేళ్లు తెగిన చోట ఇది ఎక్కువ. బెరడు పురుగు సంగతి వేరు. కొమ్మ పంగల దగ్గర పట్టు దారంతో అల్లిన, రంపపు పొట్టు అంటుకున్న జాలు కనబడితే దాని కింద రంధ్రం ఉంటుంది. జాలు తుడిచి, రంధ్రంలో సన్నటి తీగ పెట్టి పొడిచి, కిరసనాయిల్‌లో ముంచిన దూది కుక్కి మట్టితో మూసెయ్యండి. చాలు.

నరకడం, వాడుకోవడం

బాదులకి మూడేళ్లు, మిల్లుకి మూడు నుంచి ఐదేళ్లు. రాజమహేంద్రవరం కాగితం మిల్లు సరుగుడు, సుబాబుల్ కర్ర కొంటుంది, మన వైపు రైతులకి మధ్యలో ఏజెంట్లు ఉంటారు. నరికే ముందే ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ధర బెరడుతోనా ఒలిచాకా, తూకం ఎక్కడ, కూలీ ఎవరిది, లారీ ఎవరిది అన్నది కాగితం మీద రాయించుకోండి. నరికి పడేశాక బేరం ఆడితే కర్ర రోజురోజుకీ ఆరి బరువు తగ్గుతుంది, టెన్షన్ అంతా మనకే.

ఈ కర్ర మహా గట్టిది, బరువైనది. కోత మిల్లులో పలకలు కోయిద్దామని చూడకండి, రంపం పళ్లు పోతాయి, పలక ఆరుతూ వంకర తిరిగి పగుళ్లిస్తుంది. గుండ్రంగా ఉన్నది ఉన్నట్టు వాడటమే దీని పద్ధతి. స్లాబుకి సెంట్రింగ్ పోట్లు, రంగులేసే వాళ్ల సారువ, పందిరి రాటలు, అరటి గెలలకి ఊతకర్రలు, పడవల్లో తెడ్లు, ఇవన్నీ దీంతోనే. కొట్టిన బాదుల్ని ఎండలో పడెయ్యకుండా నీడలో, నేల తగలకుండా కింద రెండు దుంగలు పెట్టి పేర్చండి. కొసలకి పాత పెయింటు గానీ పేడ గానీ పూస్తే పగుళ్లు తగ్గుతాయి.

రాటగా పాతేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పైన ఇనుములా ఉండే ఈ కర్ర నేలలోకి దిగిన భాగంలో మాత్రం చెదలకి, తడికి తొందరగా లొంగిపోతుంది. పాతే భాగం వరకు బెరడు ఒలిచి, ఆరబెట్టి, మంట మీద పైపైన నల్లబడేలా కాల్చి, వేడి తారు పుయ్యండి. నేల మట్టానికి జానెడు పైదాకా రావాలి ఆ పూత, ఎందుకంటే కుళ్లు మొదలయ్యేది సరిగ్గా నేల అంచు దగ్గర. వీలైతే సిమెంటు దిమ్మ మీద ఇనుప పట్టీతో నిలబెట్టండి, నేలకి తగలనే తగలదు.

కట్టెగా దీన్ని మించింది లేదు. కిలోకి దాదాపు 5,000 కిలో కేలరీల వేడి ఇస్తుంది, పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. మా అమ్మమ్మ పొద్దున్న పెట్టిన సరుగుడు మోడు మీదే సాయంత్రం పాలు కాగేవి, బూడిద దులిపి ఊదితే ఎర్రగా కళ్లు తెరిచేది. బొగ్గు కూడా మంచిది. బెరడులో ఒగరు ఎక్కువ, తోళ్లు ఊనడానికి, ఎర్రటి గోధుమరంగు అద్దకానికి పనికొస్తుంది. నూలు వలలు వాడే రోజుల్లో వలలు చివికిపోకుండా ఈ బెరడు కషాయంలో ముంచేవారు.

ఒకటి గుర్తుంచుకోండి, మామూలు సరుగుడు నరికిన మోడు నుంచి నీలగిరిలా మళ్లీ పిలకలు రావు, వచ్చినా నిలవవు. ప్రతిసారీ కొత్త మొక్క వెయ్యాల్సిందే. అందుకని నరికిన వెంటనే మోళ్లని కూడా పీకించి కట్టెలకి అమ్మెయ్యండి, మోడు ఉండిపోతే చెదలు చేరతాయి. ఒక ఏడాది వేరుశనగో ఉలవలో వేసి, మరుసటి ఏడాది జులైకి మళ్లీ సరుగుడు పెట్టండి. మొత్తం ఒకేసారి నరక్కుండా సముద్రం వైపు రెండు వరసలు వదిలెయ్యండి, కొత్త మొక్కలకి గాలి తగ్గేది వాటి వల్లే, వచ్చే జనవరికి కాయలు కొయ్యాల్సిందీ, బుడిపెల మట్టి తవ్వాల్సిందీ వాటి దగ్గరే.